పెద్దింటి దొడ్లో పొగ

నుసుములు అందరినీ ఒకేలా కుడతాయని ఎవరైనా అన్నారంటే ఆ మనిషి జన్మలో ఒక్కసారి కూడా పొగ వేసి ఉండడని నాకు తెలిసిపోతుంది. నుసుములు అందరినీ ఒకేలా కుట్టవు. పొగ చాటున కూర్చున్నవాడిని వదిలేస్తాయి, ఆ పొగ రాజేయడానికి వంగిన మనిషిని పట్టుకుంటాయి. చేతులు రెండూ పనిలో ఉంటాయి కాబట్టి కొట్టుకోవడానికి కూడా వీలుండదు. మా అమ్మ చెవుల వెనకా పిక్కల మీదా ఉన్న నల్లమచ్చలు అలా వచ్చినవే. నా కాళ్ళ మీదా కొన్ని ఉన్నాయి. వాటిని చూసి ఏ డాక్టరైనా ఇదేం చర్మరోగమమ్మా అని అడిగితే, పెద్దింటివాళ్ళ రోగమండీ అని చెప్తాను. ఆయనకు అర్థం కాకపోతే నాకేం నష్టం లేదు.

అల్లూరు దాటి సముద్రం వైపు పోతే వచ్చే వరి ఊళ్ళలో మాదొకటి. ఊరికి తూర్పున, ఒక్క పొలం ఎడంగా మా పల్లె. మేం క్రైస్తవులం. పల్లెలో మట్టిగోడల చర్చి, దాని వెనక మా ఇల్లు, ఇంటి ముందు పెద్దింటాయన పొలం, ఆ పొలానికి అవతల పెద్దింటాయన పశువుల దొడ్డి. మా తాతా, ఆ తర్వాత మా అమ్మానాన్నలూ ఎవరి పొలంలో పని చేశారో ఆ ఆసామే పెద్దింటాయన. నాన్న మాత్రం ఆ చాకిరీ పడలేక బిట్రగుంటకు పోయి రైలింజన్లకు బొగ్గు మోసే పనిలో చేరాడు. శనివారం సాయంత్రం ఇంటికొచ్చి ఆదివారం ఆరాధన అయ్యాక మళ్ళీ పోయేవాడు. అమ్మ, నేను, ఒక గేదె. మా సంసారం అంతే.

దోమ వేరు, నుసుము వేరు. దోమ పాట పాడుకుంటూ వస్తుంది, కొట్టడానికి మనకు కాస్త వ్యవధి ఇస్తుంది. నుసుము నువ్వుగింజలో సగం కూడా ఉండదు, చప్పుడు చేయదు, దోమతెర కన్నాల్లోంచి దర్జాగా దూరుతుంది. కుట్టాకే తెలుస్తుంది, నిప్పురవ్వ పడ్డట్టు. ఎండాకాలమంతా ఒక్కటి కూడా కనపడదు. దసరా రోజుల్లో మా వైపు అసలు వానలు మొదలయ్యాక పేడదిబ్బలు నానుతాయి, కాలవగట్లు బురదవుతాయి, అప్పుడు మొదలవుతుంది వాటి రాజ్యం. వాయుగుండం పట్టి గాలి వీస్తున్నన్నాళ్ళూ ఎక్కడికి పోతాయో పోతాయి. గాలి తెరిపిచ్చిన మొదటి సాయంత్రం పగ పట్టినట్టు వస్తాయి. ఆకు కదలని సందెవేళ గొడ్ల పొదుగుల మీద, గంగడోళ్ళ మీద, కళ్ళ చుట్టూ నల్లగా వాలతాయి. క్రిస్మస్ దాటి మంచు ముదిరి నేల ఆరితే గానీ పోవు.

నేను నెల్లూరులో బోర్డింగు బడిలో చదువుకునేదాన్ని. అక్కడ లేవా అంటే, ఉన్నాయి. వంటింటి వెనక మురుగు గుంటా, దాని పక్కనే ఆవుల పాకా ఉండేవి. వానలప్పుడు కొన్నాళ్ళు అక్కడా లేచేవి. పట్నం పిల్లలు కుట్టేదాన్నల్లా దోమే అనేవాళ్ళు, తలుపులు మూసుకుంటే వాళ్ళ బాధ తీరిపోయేది. బిట్రగుంటలో ఇంజన్లు నిలిచే చోట నుసుము బతకదనీ, కాలనీలో స్నానాల నీళ్ళు పారే వైపు మాత్రం ఊళ్ళో ఉన్నన్ని ఉంటాయనీ నాన్న చెప్పేవాడు. నాకు పట్నంలో నచ్చిందల్లా ఒక్కటే. అక్కడ ఎవరి ఒంటి మీది నుసుముల్ని వాళ్ళు తోలుకుంటారు. ఇంకొకడి ఎద్దు మీది నుసుముల కోసం నేను పరిగెత్తక్కర్లేదు.

ఊళ్ళో అలా కాదు. ఏ ఇంటివాళ్ళు ఏ ఆసామి దగ్గర పని చేస్తారో, ఆ కాలమంతా ఆ ఆసామి దొడ్లో సాయంత్రం పొగ వాళ్ళే వేయాలి. ఎవరు పెట్టారో ఆ ఆచారం, పెట్టినవాడి నోట్లో మన్ను పడ. దానికి కూలి లేదు. మా గేదె ఆయన గట్ల మీద మేసినందుకు బదులన్నమాట. పొగ వేయడం తేలికైన పనేం కాదు. అడుగున ఎండు పిడకలు పేర్చాలి, వాటి మీద ఊక పోయాలి, నిప్పు లోపల పట్టుకున్నాక పైన పచ్చి వేపాకు, వావిలాకు, తడిగడ్డి కప్పాలి. గాలి ఎటునుంచి వస్తుందో అటు కుప్ప పెట్టాలి. మంట లేస్తే గడ్డిలో ఉన్న గొడ్లకు ప్రమాదం, చల్లారితే నుసుములు. కాబట్టి పక్కనే ఉండి కదుపుతూ, కప్పుతూ, దగ్గుతూ కూర్చోవాలి. గొడ్లు పడుకుని నెమరు మొదలుపెడితే అప్పుడు మనం ఇంటికి పోవచ్చు. అంతసేపూ మన ఇంట్లో మన గేదె నుసుముల మధ్య తోక ఆడిస్తూ నిలబడి ఉంటుంది. దానికి పొగ వేసే దిక్కు లేదు.

నేను థర్డ్ ఫారంలో, అంటే ఇప్పటి ఎనిమిదో తరగతిలో ఉన్న ఏడు పెద్దింటాయన ఒంగోలు వైపు నుంచి కొత్త ఎద్దుల జత తెప్పించాడు. పాలమీగడ రంగు, ఎత్తు మూపురాలు. ఊరంతా పోయి చూసి వచ్చింది. వాటికోసం పాత దొడ్డి పక్కనే కొత్త కొట్టం వేయించాడు. రెండు కొట్టాలకు రెండు పొగలు కావాలి, రెండు పొగలకు ఇద్దరు మనుషులు కావాలి. నేను దసరా సెలవులకు ఇంటికొచ్చి ఉన్నాను. ఇంకేం, కొత్త కొట్టం నా నెత్తిన పడింది. సెలవులే కదా అని వెళ్ళాను. సాయంత్రమయ్యేసరికి కుప్ప పేర్చి ఊదేదాన్ని. ఆ ఎద్దులు మొదట్లో పొగకు బెదిరేవి, పోనుపోను అలవాటు పడ్డాయి. నేను ఊక తట్టతో కనపడగానే తలలు తిప్పి ఎదురుచూసేవి. వాటి మీద నాకేం కోపం లేదు.

సెలవులు అయిపోవచ్చాయి. సోమవారం బడి తెరుస్తారు. బోర్డింగులో నాది ఉచిత సీటు. ఆ వారంలో చేరకపోతే ఆ సీటు ఇంకో పిల్లకు ఇచ్చేస్తారు, సెలవులకు పంపేటప్పుడే ఆ మాట చెప్పి మరీ పంపారు. అమ్మ పెద్దింటాయనతో దొడ్లోనే ఆ విషయం ఎత్తింది.

"పిల్లకి బడి తెరుస్తున్నారయ్యా. సోమారం పంపించాల."

ఆయన అరిచే మనిషి కాదు. అదే చిక్కు. అరిస్తే తిరిగి అరవచ్చు. ఎద్దు మెడ నిమురుతూ నిమ్మళంగా అన్నాడు. "పోతాదిలే మే. ఈ నుసుముల కాలం దాటినాక పోతాది."

"ఆ పొద్దుకి సీటుండదయ్యా."

"నీ కూతురు పోకపోతే బడి మూసేస్తారా? నా ఎద్దులు మేత మానేసినాయంటే నా దుక్కి ఆగిపోతాది. నువ్వే చెప్పు, ఏది ముఖ్యం?"

అమ్మ తల ఊపింది. ఆ ఊపు ఔననో కాదనో ఆయనకు అర్థం కాలేదు, నాకూ అర్థం కాలేదు. నా ఒళ్ళు మాత్రం భగ్గుమంది. నేను లెక్కలు చేసిన రాత్రులూ, అమ్మ నా గౌనుకు వేసిన మాసికలూ అన్నీ కలిపి ఒక జత ఎద్దుల మేతతో తూచాడు ఆ మనిషి. తూచి, మొగ్గు ఎటో నన్నే చూసుకోమన్నాడు.

శనివారం నాన్న వచ్చాడు. సంగతి విని చాలాసేపు బీడీ కాల్చుకుంటూ కూర్చున్నాడు. నాన్న మంచివాడు, కానీ గొడవంటే ఆమడ దూరం.

"నోరు మంచిదైతే ఊరు మంచిదవుతాది," అన్నాడు చివరికి. "ఈ ఒక్క కాలం కానీ. వచ్చే ఏడు చూసుకుందాం."

అమ్మ అన్నం వడ్డిస్తూ వడ్డిస్తూ ఆగింది. "వచ్చే ఏడు నుసుములు రావా? ఆ పై ఏడు రావా? అవి ఏటా వస్తాయి. సీటు ఏటా రాదు."

"గట్టున గేదెను మేపనీడు."

"మేపనీకపోతే పోనీ. గేదె కోసం పిల్లను కట్టేస్తామా?"

నాన్న తల వంచుకుని అన్నం తిన్నాడు. ఆదివారం ఆరాధన అయ్యాక ఎప్పటిలాగే వెళ్ళిపోయాడు. ఆయన పోయాక నేను అమ్మతో, తెల్లారకముందే లేచి ఎవరికీ చెప్పకుండా నెల్లూరు పారిపోతానన్నాను.

"పారిపోయేదెందుకే? దొంగతనం చేసినామా?" అంది అమ్మ. "పట్టపగలు, అందరూ చూస్తుండంగా బస్సెక్కి పోదువుగానీ."

అన్నదే గానీ ఆ సోమవారం పోవడానికి కుదరలేదు. వాయుగుండం పట్టుకుంది. బస్సులు ఆగిపోయాయి. పొద్దున్నుంచీ వాన, గాలి. మధ్యాహ్నం తర్వాత తెరిపిచ్చింది. సాయంత్రానికి గాలి పూర్తిగా పడిపోయింది. మా ఊరివాళ్ళకు ఎవరూ చెప్పక్కర్లేదు, అలాంటి సందెవేళ ఏం రాబోతుందో ఒంటికే తెలుస్తుంది. నేను తడవకుండా చాప కప్పి దాచిన ఎండు పిడకలు తీసి తట్టలో వేసుకుని దొడ్డికి పోవడానికి లేచాను. ఒకరోజు ఆలస్యమైంది కాబట్టి ఆ ఒక్క పూటకు తప్పదనుకున్నాను.

అమ్మ నా చేతిలోంచి తట్ట లాక్కుంది. మా వాకిట్లో, పొలం వైపున బోర్లించింది.

"ఇయాళ పొగ మన గేదెకి," అంది.

అమ్మ పిడకలు పేర్చి, ఉన్న ఊకంతా పోసి, ఊదింది. పక్కింటి అవ్వ గుమ్మంలో కూర్చుని చూస్తోంది. ఆమె వయసులో ఉన్నప్పుడు ముప్పొద్దులా పెద్దింటివాళ్ళ దొడ్లోనే బతికిన మనిషి. ఒక్క మాటైనా అడగకుండా లేచి, ఇంటి వెనక్కి పోయి, ఒడినిండా వావిలాకు తెచ్చి కుప్ప మీద కుమ్మరించింది. తెల్లగా, చిక్కగా లేచింది పొగ. గాలి లేదు కాబట్టి పైకి పోలేదు. వంగి, పొలం మీదుగా దొడ్డి వైపు నెమ్మదిగా పాకింది.

అవతలి నుంచి పెద్దింటాయన పాలేరు కేక వేశాడు. అమ్మ పలకలేదు. ఇంకోసారి వేశాడు. "వినపడతాందిలే," అంది అమ్మ తనలో తాను, ఆకులు సర్దుతూ. నుసుములు మబ్బులా దిగాయి. మా గేదె పొగలోకి మొహం పెట్టి కళ్ళు మూసుకుంది. దానికి అంత సుఖం ఆ ఏడు అదే మొదలు.

అప్పుడు వినపడింది చప్పుడు. కర్ర విరిగినట్టు ఒకటి, ఆ వెంటనే ఇంకొకటి. ఆ తర్వాత పొలంలో నీళ్ళు చిందడం. పొగలోంచి ముందు మూపురాలు కనపడ్డాయి. కొత్త ఎద్దులు రెండూ గుంజలు పెరుక్కుని, పలుపుతాళ్ళు ఈడ్చుకుంటూ మా మీదికి వస్తున్నాయి. వాటి వెనక పాత దొడ్లోని ఆవులు, దూడలు, దున్నపోతు. నేను అవ్వను లోపలికి లాగాను. అవి మమ్మల్ని చూడనే లేదు. నేరుగా వచ్చి మా వాకిట్లో, పొగలో, తలలు దించుకుని నిలబడ్డాయి. ఎద్దుల పొట్టల కింద తెల్లతోలు మీద నుసుములు నల్లగా అంటుకుని ఉన్నాయి, కుట్టిన చోటల్లా నెత్తురు చుక్కలు. పాపం, సందెవేళ పొగ వస్తుందని వాటికి నేర్పింది నేనే. పొగ రాలేదు. అది ఎక్కడుందో వాసన పట్టుకుని అవే వచ్చేశాయి.

పల్లెలో మగవాళ్ళు భయపడ్డారు. ఆసామి గొడ్లను మళ్ళేశారని పోలీసు కేసు పెడితే ఎవరు దిక్కు అని ఒకాయన తిట్టాడు అమ్మను. అమ్మ ఇంకో గంప తడిగడ్డి కప్పింది.

పాలేరు వచ్చాడు, లాగాడు, కొట్టాడు. ఒక్కటంటే ఒక్కటి కదల్లేదు. చివరికి పెద్దింటాయన బయల్దేరి వచ్చాడు. వచ్చి పల్లె మొదట్లో, గట్టు మీద ఆగిపోయాడు. ఆయన ఆ గట్టు దాటి మా పల్లెలోకి రావడం నేనెప్పుడూ చూడలేదు. మా అమ్మా చూడలేదంది, అవ్వా చూడలేదంది.

"తోలండి ఇటు," అన్నాడు అక్కడి నుంచే.

"మా మాట వినడం లేదయ్యా," అంది అమ్మ. "తమరే వచ్చి తోలుకోండి."

గట్టు మీద పొగ లేదు. ఉన్నవన్నీ నుసుములే. ఆయన చెవి మీద కొట్టుకున్నాడు. మెడ మీద కొట్టుకున్నాడు. పంచె ఎత్తి పిక్క మీద కొట్టుకున్నాడు. ఒక అడుగు వేశాడు. ఇంకో అడుగు వేశాడు. ఎద్దులకోసమే వచ్చాడో, పొగకోసమే వచ్చాడో గానీ మొత్తానికి మా వాకిట్లో, తన గొడ్ల మధ్య, మా గేదె పక్కన నిలబడ్డాడు.

"ఈ పక్కకి రా అయ్యా," అంది అవ్వ ఎంతో ఆప్యాయంగా. "ఈడ పొగ బాగా తగల్తాది."

నాకు నవ్వొచ్చింది. ఆపుకోలేదు కూడా.

ఆయన నవ్వు వినీ విననట్టు అమ్మ వైపు తిరిగాడు. కళ్ళలో నీళ్ళు కారుతున్నాయి, పొగకు. "పిల్లని పంపుతావా లేదా?"

"పంపుతానయ్యా. బస్సులు తిరగంగానే నెల్లూరు పంపుతా."

"నీ గేదె నా గట్టు మీద కనపడిందంటే ఊరుకోను."

"కనపడదు."

"మరి నా దొడ్లో పొగ ఎవురేస్తారు?"

అమ్మ లేచి నిలబడింది. ఊక అంటిన చేతులు చీరకు తుడుచుకుంది. ఆమె గొంతులో కోపం కూడా లేదు. "పొగెయ్యను చేతులుంటే చాలయ్యా. తమరింట్లో గూడా ఉండాయి."

ఆ మాటకు ఆయన కర్ర ఎత్తుతాడనుకున్నాను నేను. ఎత్తలేదు. ఎత్తడానికి కూడా చేతులు ఖాళీ లేవు, నుసుముల్ని తోలుకుంటున్నాడు. గొడ్లు తృప్తి పడి నెమరు మొదలుపెట్టేదాకా ఆయన అక్కడే ఉండాల్సి వచ్చింది. అంతసేపూ అమ్మ పొగ చూసుకుంది. తర్వాత పాలేరూ ఆయనా కలిసి వాటిని తోలుకుపోయారు.

బస్సులు తిరిగిన రోజున, పట్టపగలు, పెద్దింటి ముందు నుంచే నన్ను నడిపించుకుంటూ పోయి అల్లూరులో బస్సెక్కించింది అమ్మ. బోర్డింగులో పిల్లలు నా జడలు వాసన చూసి ముక్కులు మూసుకున్నారు. పొగ కంపు కొడుతోందని వెనక బెంచీకి పొమ్మన్నారు. పోలేదు. నా చోటు అక్కడే ఉంది, ఇంకెవరికీ ఇవ్వలేదు, దాంట్లోనే కూర్చున్నాను.

పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం అంటారు. ఆ సాయంత్రాన్ని నవ్వుతూ చెప్పుకోవడానికి బానే ఉంటుంది గానీ దానికి అమ్మ ఏం ఇచ్చుకుందో కూడా చెప్పాలి. గట్టు మీద మేత పోయింది. కాలవ వెంట పోయి గడ్డి కోసి మోసుకొచ్చినా గేదెకు చాలలేదు, పాలు తగ్గిపోయాయి, అమ్మేయాల్సి వచ్చింది. నాట్లకు ఆ ఊళ్ళో ఎవరూ అమ్మను పిలవలేదు. పక్క ఊరికి నడిచిపోయి నాట్లు వేసి, నడిచి తిరిగొచ్చేది. పల్లెలో మా వాళ్ళే కొందరు, ఒక్క పూట పొగ వేసి ఉంటే పోయేదానికి ఇంత చేసుకుందని దెప్పిపొడిచారు. నాకు ఇప్పటికీ మండుతుంది. ఒక్క పూట కాదు నాయనలారా. ఒక్క పూట అని మా అమ్మమ్మకూ చెప్పి ఉంటారు.

నాన్న తర్వాతి శనివారం వచ్చి, జరిగిందంతా అవ్వ నోటి నుంచి విన్నాడు. "నేనుంటే ఆపుండేవాణ్ణి," అన్నాడు. కాసేపాగి, "లేకపోవడమే మంచిదైంది," అన్నాడు. నాన్న నోటి నుంచి అంతకంటే పెద్ద పొగడ్త నేను వినలేదు.

క్రిస్మస్ సెలవులకు ఇంటికొచ్చాను. నుసుములు ఇంకా పోలేదు. గేదె లేని వాకిలి బోసిగా ఉంది. సందెవేళ అమ్మ ఎప్పటిలాగే పొగ వేసింది. గొడ్డు లేకపోతే ఎవరికమ్మా ఈ పొగ అన్నాను. "మనకి," అంది. ఇద్దరం పొగలో కూర్చున్నాం. పొలానికి అవతల పెద్దింటాయన కొడుకు తమ దొడ్లో పొగ వేస్తున్నాడు. వేస్తున్నాడన్న మాటే గానీ అస్తమానం మంట లేస్తోంది, అస్తమానం నీళ్ళు చల్లుతున్నాడు. పెద్దింటాయన గట్టున నిలబడి అతన్ని తిడుతున్నాడు.

"పుస్తకం తీసుకురా," అంది అమ్మ.

"ఏ పుస్తకం?"

"ఏదో ఒకటి. నాకేం తెలుసు. చదువు."

భూగోళం పుస్తకం తెచ్చి చదవడం మొదలుపెట్టాను.

"గట్టిగా చదువు."

గొంతు పెంచాను. పొగకు దగ్గొచ్చింది.

"ఇంకా గట్టిగా."

"నీకు వినపడతాంది గదమ్మా."

"నాకు వినపడి ఏం చేసుకోను? నాకు అర్థమవుతాదా ఏంది," అంది అమ్మ. నా రెండు భుజాలూ పట్టుకుని నన్ను పొలం వైపు తిప్పింది. "అటు తిరిగి చదువు."

అటు తిరిగి నిలబడి, గొంతు చించుకుని చదివాను. గట్టు మీద ఆ మనిషి తిట్టడం ఆపి ఇటు తిరిగాడు. నుసుములు నా నోట్లోకి వచ్చాయి. ఉమ్మేసి, ఆపిన చోటి నుంచి మళ్ళీ చదివాను.